భూమి వేడితో కరెంటు, రాష్ట్రాల ట్యాక్స్ రాయితీలు: డబ్బు ఏ టైముకి చేతికొస్తుందన్నదే అసలు లెక్క (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే, మైక్ కొంచెం దగ్గరికి పెట్టుకుంటా.

ఇవాళ్టి టాపిక్ అమెరికాలో రాష్ట్రాలు జియోథర్మల్ కరెంటుకి, అంటే భూమి లోపలి వేడితో తీసే కరెంటుకి, ఇచ్చే ట్యాక్స్ రాయితీలు. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే వాటి గురించి అందరూ మాట్లాడతారు, ఆ 30 శాతం క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గించేది, అదీ ఇదీ, దాని మీద వెబినార్లు బోలెడున్నాయి. రాష్ట్రాల లెవెల్లో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు, ఎందుకంటే ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి, చదవడానికి బోరు. కానీ ప్రాజెక్ట్ నిలబడుతుందా లేదా అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది.

ముందు ఒక చిన్న లెక్క చెప్తా, అది అర్థమైతే మిగతాదంతా ఈజీ. గ్యాస్ ప్లాంట్ తీసుకోండి. ప్లాంట్ కట్టారు, దాని మీద ప్రాపర్టీ ట్యాక్స్ కడతారు. గ్యాస్ ఏ నెలది ఆ నెల కొంటారు, అది ఖర్చు కింద పోతుంది, వచ్చే 30 ఏళ్ళలో కాల్చబోయే గ్యాస్ మీద ఇవాళ ఎవరూ ప్రాపర్టీ ట్యాక్స్ వెయ్యరు. ఇప్పుడు జియోథర్మల్ చూడండి. ఇంధనం కొనే పనే లేదు, నిజమే, కానీ ఆ వేడి నీళ్ళు పైకి తెచ్చుకోడానికి బావులు తవ్వాలి, బావి గోడ కూలకుండా కేసింగ్ పైపు దించాలి, వాడేసిన నీళ్ళు మళ్ళీ భూమిలోకి పంపడానికి ఇంజెక్షన్ బావులు వెయ్యాలి, పైపులు వెయ్యాలి, ఈ డ్రిల్లింగ్ ఒక్కటే మొత్తం ప్రాజెక్ట్ ఖర్చులో మూడో వంతు నుంచి సగం దాకా తినేస్తుంది. అంటే 30 ఏళ్ళ ఇంధనాన్ని మొదట్లోనే క్యాపిటల్ రూపంలో కొనేసినట్టు. ఆస్తికి విలువ కట్టే అసెసర్ వచ్చి చూస్తే అదంతా ఆస్తే. మొత్తం మీద ట్యాక్స్ పడుతుంది. కేసింగ్ పైపు కొన్నప్పుడు సేల్స్ ట్యాక్స్ ఒకసారి, ఆ తర్వాత ఏటేటా ప్రాపర్టీ ట్యాక్స్.

అందుకే నేనేమంటానంటే, జియోథర్మల్‌కి ఇచ్చే ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గింపుని దానం కింద చూడకూడదు. మామూలు పన్ను పద్ధతిలోనే ఒక వంకర ఉంది, క్యాపిటల్ ఎక్కువ పెట్టే టెక్నాలజీ మీద అది ఎక్కువ బరువేస్తుంది, రాయితీ అనేది ఆ వంకరని కొంత సరిచేస్తుంది. సోలార్, విండ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది కదా అంటారేమో, వర్తిస్తుంది. కానీ వాటికి ఎండ పడుతుందా గాలి వీస్తుందా అన్నది ముందే కొలిచి చూసుకోవచ్చు, బ్యాంకువాడికి డేటా చూపించొచ్చు. ఇక్కడ అలా కాదు, పొలంలో బోరు వేయించినట్టే, దింపేదాకా పడుతుందో లేదో ఎవడూ గ్యారంటీ ఇవ్వలేడు, కాకపోతే ఒక్కో బోరుకీ మిలియన్ల డాలర్లు అవుతాయి.

ఇక నెవాడా. దీని మీద కొంచెం ఎక్కువ సేపు ఉంటా. అమెరికాలో ఉన్న జియోథర్మల్ కెపాసిటీ మొత్తం 4 వేల మెగావాట్ల లోపే, అందులో 90 శాతం పైనే కాలిఫోర్నియా, నెవాడా రెండింట్లోనే ఉంది. నెవాడాలో కార్పొరేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, కాబట్టి ఇన్‌కమ్ ట్యాక్స్ క్రెడిట్ ఇస్తామన్నా దాన్ని దేనిమీద వాడుకుంటారు? ఏమీ లేదు. అందుకని వాళ్ళు ప్రాపర్టీ ట్యాక్స్, సేల్స్ ట్యాక్స్ మీద పడ్డారు. 2009లో చేసిన చట్టం ప్రకారం 10 మెగావాట్లు, ఆపైన ఉన్న జియోథర్మల్ ప్లాంటుకి ప్రాపర్టీ ట్యాక్స్‌లో 55 శాతం తగ్గింపు, 20 ఏళ్ళ పాటు. సేల్స్ ట్యాక్స్ మొదటి 3 ఏళ్ళు 2.6 శాతమే.

ఊరికే ఇవ్వరు లెండి, షరతులున్నాయి. కన్‌స్ట్రక్షన్‌లో పనిచేసేవాళ్ళలో ఇంత శాతం నెవాడా వాసులు ఉండాలి, జీతం రాష్ట్ర సగటు కంటే ఇంత ఎక్కువ ఉండాలి, పనివాళ్ళకి, వాళ్ళ కుటుంబాలకి హెల్త్ ఇన్సూరెన్స్ ఉండాలి, ఇంత పెట్టుబడి పెట్టాలి, ఇలా. ఇవన్నీ కాగితాల్లో నిరూపించాలి, సబ్-కాంట్రాక్టర్ల పేరోల్ రికార్డులతో సహా. డ్రిల్లింగ్ రిగ్గుతో పాటు వచ్చే సిబ్బంది చాలామంది టెక్సస్ నుంచో ఓక్లహోమా నుంచో వస్తారు, వాళ్ళు లోకల్ లెక్కలోకి రారు కదా, మరి ఆ శాతం ఎక్కడ పూడ్చుకోవాలి, సివిల్ పనుల్లో, ఎలక్ట్రికల్ పనుల్లో. ఇది ముందే ప్లాన్ చేసుకోకపోతే చివర్లో తల పట్టుకోవాల్సొస్తుంది.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం, నంబర్లు నేను ఊహించి పెడుతున్నా, ఏ నిజమైన ప్లాంటువీ కావు. 30 మెగావాట్ల ప్లాంటు, ఖర్చు 150 మిలియన్ డాలర్లు అనుకుందాం. నెవాడాలో ఆస్తి విలువలో 35 శాతం మీదే పన్ను లెక్కేస్తారు, అంటే 52.5 మిలియన్లు. రేటు 3 శాతం అనుకుంటే ఏడాదికి 15 లక్షల 75 వేల డాలర్లు. అందులో 55 శాతం పోతే దాదాపు 8 లక్షల 66 వేలు మిగులు, కట్టాల్సింది 7 లక్షల చిల్లర. విలువ ఏటా తరుగుతుంది కాబట్టి మిగులు కూడా తగ్గుతూ పోతుంది, అది వేరే సంగతి. ఇప్పుడు సేల్స్ ట్యాక్స్. పన్ను పడే సామాను, అంటే టర్బైన్లు, హీట్ ఎక్స్‌ఛేంజర్లు, కూలింగ్ ఫ్యాన్లు, కేసింగ్, పంపులు, అన్నీ కలిపి 60 మిలియన్లు అనుకోండి. రాయితీ లేకుండా మామూలు 6.85 శాతం అయితే 41 లక్షల డాలర్లు, 2.6 శాతం అయితే 15 లక్షల 60 వేలు. తేడా 25 లక్షల పైనే.

20 ఏళ్ళు కలిపితే ప్రాపర్టీ ట్యాక్స్ మీద మిగిలేదే చాలా పెద్దది. కానీ నన్నడిగితే సేల్స్ ట్యాక్స్ మీద వచ్చే ఆ 25 లక్షలే విలువైనవి. ఎందుకంటే అవి ప్లాంటు కడుతున్నప్పుడు, ఇంకా ఒక్క యూనిట్ కరెంటు కూడా అమ్మకముందు మిగులుతాయి. ఆ టైములో ప్రాజెక్టులో ఉన్నది అత్యంత ఖరీదైన డబ్బు, బ్యాంకు లోన్ కూడా కాదు, ఈక్విటీ, అంటే పెట్టుబడిదారుల సొంత డబ్బు. 15వ ఏట మిగిలే డాలరుకి ఇవాళ డిస్కౌంట్ చేస్తే విలువెంత, పావలానో ముప్పై సెంట్లో.

ఇంకో మాట, ఇది చాలామంది స్ప్రెడ్‌షీట్‌లో మర్చిపోతారు. రాష్ట్రానికి కట్టే పన్నుల్ని ఫెడరల్ రిటర్న్‌లో ఖర్చు కింద చూపించుకోవచ్చు. అంటే రాష్ట్రం ఒక డాలరు తగ్గిస్తే, ఆ డాలరు మీద ఫెడరల్ 21 శాతం కట్టాల్సొస్తుంది. చేతిలో మిగిలేది 79 సెంట్లే. రాష్ట్రం వదులుకున్న డాలర్లో 21 సెంట్లు వాషింగ్టన్‌కి వెళ్ళిపోయాయన్నమాట. శాసనసభల్లో డిబేట్లు వింటుంటే ఈ ముక్క ఒక్కరూ ఎత్తరు.

నెవాడాలో ఇంకో తమాషా ఉంది, జియోథర్మల్‌ని గనుల లెక్కలో కూడా చూస్తారు, బంగారం తవ్వేవాళ్ళలాగే నెట్ ప్రొసీడ్స్ పన్ను, అంటే ఖర్చులు పోగా మిగిలిన రాబడి మీద పన్ను, దాని పరిధిలోకి వస్తుంది. ఒక చేత్తో తగ్గించి ఇంకో చేత్తో తీసుకోవడం. సరే, వదిలేద్దాం.

యూటా రూటు వేరు. అక్కడ కార్పొరేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉంది కాబట్టి ప్రొడక్షన్ క్రెడిట్ పెట్టారు, కిలోవాట్-అవర్‌కి, అంటే మనం యూనిట్ అంటామే దానికి, 0.35 సెంటు, మొదటి 48 నెలలకి, 660 కిలోవాట్ల పైన ఉన్న ప్లాంట్లకి. మన 30 మెగావాట్ల ప్లాంటు 90 శాతం టైము నడిస్తే ఏడాదికి 236 మిలియన్ యూనిట్లు పైన ఇస్తుంది, దానికి క్రెడిట్ 8 లక్షల 28 వేల డాలర్లు దాకా, 4 ఏళ్ళకి 33 లక్షలు. ఇందులో మంచి విషయం ఏంటంటే అది రిఫండబుల్. ఇది చాలా ముఖ్యం అండి. కొత్త ప్లాంటుకి మొదటి కొన్నేళ్ళు డిప్రిసియేషన్, అంటే ఆస్తి తరుగుదలని ఖర్చుగా రాసుకోవడం, దానివల్ల ట్యాక్సబుల్ ఇన్‌కమే ఉండదు, నష్టం చూపిస్తుంది. అలాంటప్పుడు రిఫండబుల్ కాని క్రెడిట్ ఇస్తే అది ఫ్రేము కట్టి గోడకి తగిలించుకోవాలి. రిఫండబుల్ అయితే పన్ను లేకపోయినా చెక్కు వస్తుంది.

యూటాలోనే పెద్ద ప్రాజెక్టులకి ఇంకోటి ఉంది, 2 మెగావాట్లు ఆపైన వాటికి, ప్రాజెక్ట్ వల్ల రాష్ట్రానికి కొత్తగా వచ్చే పన్ను ఆదాయంలో 75 శాతం దాకా 20 ఏళ్ళ పాటు క్రెడిట్‌గా తిరిగిస్తారు. ముందు కట్టాలి, తర్వాత వస్తుంది. రాష్ట్రం వైపు నుంచి ఇది సేఫ్ గేమ్, ప్రాజెక్ట్ రాకపోతే వాళ్ళకి పోయేదేమీ లేదు. బీవర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మిల్‌ఫర్డ్ దగ్గర ఇప్పుడు జరుగుతున్నదంతా చూస్తున్నారు కదా, 1984 నుంచి బ్లండెల్ ప్లాంటు నడుస్తోంది, పక్కనే ఫెడరల్ ఎనర్జీ డిపార్ట్‌మెంట్ డబ్బుతో ఫోర్జ్ రీసెర్చ్ సైట్, ఇప్పుడు ఫెర్వో కంపెనీ 500 మెగావాట్ల కేప్ స్టేషన్. అందరూ యూటా రాయితీలు బావున్నాయి కాబట్టి వచ్చారంటారు. నేను ఒప్పుకోను. అక్కడ రాయి వేడిగా ఉంది, ఫోర్జ్‌లో డ్రిల్లింగ్ డేటా పబ్లిక్‌గా దొరికింది, కాలిఫోర్నియాలో కొనేవాళ్ళు రెడీగా ఉన్నారు. రాయితీ నాలుగో కారణమో అయిదో కారణమో.

న్యూ మెక్సికో 2024లో మేల్కొంది. కిలోవాట్-అవర్‌కి 1.5 సెంట్లు, యూటా కంటే నాలుగు రెట్లు పైన. భలే అనుకుంటాం, కానీ రాష్ట్రం మొత్తానికి కలిపి ఏడాదికి 5 మిలియన్ డాలర్లు అని సీలింగ్ పెట్టారు. మన 30 మెగావాట్ల ప్లాంటు ఒక్కటే 35 లక్షల డాలర్ల క్రెడిట్ లాగేస్తుంది, అంటే రెండో ప్లాంటు వచ్చేసరికి గిన్నె అడుగు కనిపిస్తుంది. బ్యాంకువాడు ఏం చేస్తాడు, రెండో ప్లాంటు మోడల్లో ఆ క్రెడిట్‌ని సున్నా కింద రాస్తాడు. సీలింగ్ పెట్టడం తప్పు కాదు, బడ్జెట్ వాళ్ళకీ లెక్క ఉండాలి, కానీ ఎవరికి ఎంత అన్నది ప్లాంటు కట్టకముందే రిజర్వ్ చేసుకునే ఏర్పాటు ఉంటే తప్ప అలాంటి క్రెడిట్ మీద ఎవరూ అప్పివ్వరు. ప్రస్తుతానికి ఆ రాష్ట్రంలో చెప్పుకోదగ్గ ప్లాంటు హిడాల్గో కౌంటీలో లైట్నింగ్ డాక్ ఒక్కటే.

నాకు వ్యక్తిగతంగా బాగా నచ్చింది ఐడహో పద్ధతి. హడావుడి లేదు, పెద్ద ప్రెస్‌మీట్లు లేవు. జియోథర్మల్ ప్లాంటు మీద ప్రాపర్టీ ట్యాక్స్ తీసేసి, దాని బదులు కరెంటు అమ్మకం మీద వచ్చే మొత్తం ఆదాయంలో 3 శాతం కట్టమన్నారు, అంతే. విండ్‌కి కూడా అదే పద్ధతి. ఇందులో తెలివేంటో చెప్తా. జియోథర్మల్ ఫీల్డు ఎప్పుడూ ఒకేలా ఉండదు, కొన్నేళ్ళకి నీటి ఉష్ణోగ్రత తగ్గుతుంది, ప్రెషర్ తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది. ప్రాపర్టీ ట్యాక్స్ పద్ధతిలో అయితే ఉత్పత్తి పడిపోయినా అసెసర్ లెక్క దాన్ని వెంటనే పట్టుకోదు, అప్పీలు పెట్టాలి, విలువ మళ్ళీ కట్టే అప్రైజర్‌ని తెచ్చుకోవాలి, కొట్లాడాలి. ఇక్కడ ఆదాయం పడితే పన్ను దానంతటదే పడుతుంది, పెరిగితే పెరుగుతుంది. యూనిట్‌కి 7 సెంట్ల చొప్పున మన ప్లాంటు ఏడాదికి 16.5 మిలియన్ డాలర్లు అమ్మితే, పన్ను 5 లక్షల డాలర్లలోపు. కౌంటీకి కూడా మొదటి ఏడాది పెద్ద మొత్తం వచ్చి తర్వాత డిప్రిసియేషన్‌తో కరిగిపోయే బాధ లేదు. ఐడహోలోని రాఫ్ట్ రివర్ ప్లాంటు 2008లో మొదలైంది, ఆ లోయలోనే 1980ల మొదట్లో ప్రభుత్వం 5 మెగావాట్ల డెమో ప్లాంటు నడిపి మూసేసింది.

ఉత్పత్తి ఎలా పడిపోతుందో తెలియాలంటే కాలిఫోర్నియాలో ద గీజర్స్ చూడాలి. 1960లో 11 మెగావాట్లతో మొదలై ప్రపంచంలోనే పెద్ద జియోథర్మల్ ఫీల్డ్ అయింది, 1980ల్లో ఎవరికి వాళ్ళు ప్లాంట్లు కట్టేసి ఆవిరి లాగేశారు, అదే దశాబ్దం చివరికి ప్రెషర్ పడిపోవడం మొదలైంది. తర్వాత 1997 నుంచి లేక్ కౌంటీ మురుగునీటిని శుద్ధి చేసి, 2003 నుంచి శాంటా రోజా నీళ్ళని దాదాపు 40 మైళ్ళ పైపులైన్‌లో తెచ్చి భూమిలోకి ఎక్కించి నిలబెట్టారు. ఇంకో సంగతి, కాలిఫోర్నియాలో సోలార్ పరికరాల్ని ప్రాపర్టీ ట్యాక్స్ లెక్కలోంచి మినహాయించారు గానీ జియోథర్మల్‌కి ఆ మినహాయింపు లేదు. అయినా దేశంలో ఎక్కువ జియోథర్మల్ ఉన్నది అక్కడే. మరి రాయితీలన్నీ దండగేనా? కాదు. అక్కడ వేరే పని జరిగింది, 2021 జూన్‌లో కరెంటు కంపెనీల మీద అజమాయిషీ చేసే వాళ్ళ పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ ఆ కంపెనీల్ని 11,500 మెగావాట్లు కొనమని ఆర్డరిచ్చి, అందులో 1,000 మెగావాట్లు జియోథర్మల్ లాంటి, రాత్రీపగలూ నడిచే, కట్టడానికి టైము పట్టే వాటికి కేటాయించింది. అప్పట్నుంచి నెవాడా ప్లాంట్లు, యూటా ప్లాంట్లు కూడా కాలిఫోర్నియా కొనుగోలుదార్లతో పీపీఏలు, అంటే కరెంటు కొనుగోలు ఒప్పందాలు, చేసుకుంటున్నాయి. నెవాడా వాళ్ళు పన్ను తగ్గిస్తారు, కరెంటు కాలిఫోర్నియాకి పోతుంది, దీని మీద నెవాడాలో గొణుగుడు ఉంది, న్యాయమైన గొణుగుడే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ప్లాంటు నిలబడ్డాక వచ్చేవి, లేదా కడుతున్నప్పుడు వచ్చేవి. బావి ఫెయిలైతే? అక్కడ ఈ రాయితీలేవీ పైసా ఇవ్వవు. కరెంటు లేదు కాబట్టి ప్రొడక్షన్ క్రెడిట్ లేదు, ప్లాంటు లేదు కాబట్టి తగ్గించడానికి ప్రాపర్టీ ట్యాక్సూ లేదు. ఈ గుంటని పూడ్చడానికి సీరియస్‌గా ట్రై చేసింది కొలరాడో. 2023లో చట్టం చేసి 35 మిలియన్ డాలర్లు పక్కన పెట్టారు, రిఫండబుల్ క్రెడిట్లు, ఒక ప్రాజెక్టుకి 5 మిలియన్ల దాకా, అన్వేషణ దశలో పెట్టే ఖర్చుకి కూడా వర్తిస్తుంది, అప్లై చేస్తే రాష్ట్ర ఎనర్జీ ఆఫీసు పరిశీలించి కేటాయిస్తుంది. ఉత్పత్తి మొదలైతే యూనిట్‌కి 0.3 సెంటు వేరే. ఆ చట్టం చేసేనాటికి కొలరాడోలో ఒక్క జియోథర్మల్ కరెంటు ప్లాంటు కూడా లేదు. ఏమీ లేని రాష్ట్రమే రిస్కు ఎక్కడుందో సరిగ్గా పట్టుకుంది, ఉన్నవాళ్ళు ఉన్నదానికే రిబ్బన్లు కడుతున్నారు.

ఎక్కువిచ్చి చెయ్యి కాల్చుకున్నవాళ్ళ గురించి కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో కంపెనీల తరఫున మాట్లాడుతున్నా అనుకుంటారు. ఒరెగాన్‌లో బిజినెస్ ఎనర్జీ ట్యాక్స్ క్రెడిట్ అని ఉండేది, 2007లో రెన్యువబుల్స్‌కి దాన్ని ఖర్చులో 35 శాతం నుంచి 50 శాతానికి పెంచారు, ఒక్కో ప్రాజెక్టుకి 10 మిలియన్ల దాకా. మనకి పన్ను లేకపోతే క్రెడిట్‌ని ఇంకొకరికి డిస్కౌంట్‌లో అమ్ముకోవచ్చు కూడా. ఇంకేముంది, అంచనాలన్నీ దాటిపోయింది, ఒకే పెద్ద విండ్ ప్రాజెక్టుని మూడు ముక్కలుగా చూపించి మూడు క్రెడిట్లు తీసుకునేదాకా వెళ్ళింది, పేపర్లలో రచ్చ అయింది, 2011కల్లా శాసనసభ దాన్ని మూసే దారిలో పెట్టింది. సరిగ్గా ఆ టైముకే మల్హూర్ కౌంటీలో నీల్ హాట్ స్ప్రింగ్స్ ప్లాంటు లేస్తోంది, 2012లో నడవడం మొదలైంది, దాన్ని ఎక్కువగా నిలబెట్టింది ఫెడరల్ లోన్ గ్యారంటీ, దాదాపు 97 మిలియన్ల డాలర్లది. జియోథర్మల్‌కి అనుమతుల నుంచి కరెంటు దాకా ఏడెనిమిదేళ్ళు ఈజీగా పడుతుంది, రాష్ట్రం రాయితీ మధ్యలో పుట్టి మధ్యలోనే చస్తే ఎవరికి ఉపయోగం? విండ్ ప్రాజెక్టువాళ్ళు గబగబా వచ్చి తినేసి వెళ్ళిపోతారు, జియోథర్మల్ వాళ్ళు ఇంకా పర్మిట్ల క్యూలోనే ఉంటారు.

కౌంటీల సంగతి కొంచెం చెప్పి ప్రశ్నలకి వెళ్దాం. ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గించేది రాష్ట్రం, కానీ ఆ డబ్బు రాష్ట్రానిది కాదు, కౌంటీది, స్కూళ్ళది, ఫైర్ డిస్ట్రిక్ట్‌ది. నెవాడాలో చర్చిల్ కౌంటీ లాంటి చోట్ల జనాభా తక్కువ, ప్లాంట్లు ఎక్కువ. రిగ్గులు తిరిగి రోడ్లు పాడైతే బాగుచేసుకోవాల్సింది కౌంటీనే. అందుకే జియోథర్మల్ దరఖాస్తులకి కౌంటీ కమిషనర్ల బోర్డు ఆమోదం కూడా కావాలని నెవాడా చట్టంలో పెట్టారు, ఇది మంచి పని. ఇంకా ఒక ఊరట, ప్లాంటు ఫెడరల్ భూమి మీద ఉంటే రాయల్టీలో సగం రాష్ట్రానికి, పావు వంతు కౌంటీకి వెళ్తుంది, 2005 ఎనర్జీ చట్టం నుంచి. మొదటి పదేళ్ళు ఆ రాయల్టీ రేటు కరెంటు ఆదాయంలో 1.75 శాతం, ఆ తర్వాత 3.5. పెద్ద మొత్తమేం కాదు, కానీ కమిషనర్ మీటింగ్‌లో చెప్పుకోడానికి ఒక నంబరు ఉంటుంది.

సరే, ఎవరన్నా అడగండి.

(సభలో ఒకరు: 2025 చట్టంతో సోలార్, విండ్‌కి ఫెడరల్ క్రెడిట్లు ఎత్తేస్తున్నారు కదా, జియోథర్మల్‌కి మాత్రం ఉంచారు, అలాంటప్పుడు రాష్ట్రాలు ఇంకా ఎందుకివ్వాలి అండి?)

మంచి ప్రశ్న. అవును, జియోథర్మల్‌కి ఉంచారు, 2033 చివరిలోపు పని మొదలుపెడితే పూర్తి క్రెడిట్, 2034లో అయితే 75 శాతం, 2035లో సగం, ఆ తర్వాత లేదు. కాకపోతే సామాను ఎక్కణ్ణుంచి కొన్నారు, కంపెనీలో చైనా లాంటి దేశాల వాటా ఉందా అన్న రూల్స్ కొత్తగా వచ్చాయి, అవి చూసుకోవాలి. కానీ ఫెడరల్ క్రెడిట్ కూడా ప్లాంటు నడిచాకే వస్తుంది. ఎండిపోయిన బావికి ఫెడరల్‌లో ఉన్నది డ్రిల్లింగ్ ఖర్చుని వెంటనే డిడక్ట్ చేసుకునే సౌకర్యం, అదీ లాభాలున్న పెద్ద కంపెనీకి పనికొస్తుంది, చిన్న డెవలపర్‌కి లాభమేది డిడక్ట్ చేసుకోడానికి? కాబట్టి రాష్ట్రం దగ్గర పరిమితంగా డబ్బుంటే 20 ఏళ్ళ అబేట్‌మెంట్‌లో, అంటే ఆ ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గింపులో, కొంత కోసి, మొదటి రెండు మూడు బావుల ఖర్చు పంచుకోడానికి పెట్టమంటా, బావి సక్సెస్ అయితే తిరిగి వసూలు చేసుకోమంటా.

(ఇంకొకరు: ఐడహో 3 శాతం పద్ధతిని నెవాడా తీసుకోవచ్చుగా?)

తీసుకోవచ్చు, కానీ ఇప్పటికే 55 శాతం అబేట్‌మెంట్ నమ్ముకుని ఫైనాన్స్ అయిన ప్లాంట్లున్నాయి, వాటిని ముట్టుకోకూడదు, కొత్తవాటికి మాత్రమే పెట్టాలి. మన లెక్క ప్రకారమే చూడండి, నెవాడాలో అబేట్‌మెంట్ తర్వాత మొదటి ఏడాది 7 లక్షలు కడుతున్నారు, ఐడహో పద్ధతిలో 5 లక్షలు. మొదట్లో కౌంటీకి తక్కువే వస్తుంది. పదేళ్ళు దాటాక డిప్రిసియేషన్‌తో నెవాడా లెక్క కిందకి దిగుతుంది, కరెంటు రేటు నిలబడితే ఐడహో లెక్క అలాగే ఉంటుంది. ఆ రెండు గీతలు ఏ సంవత్సరంలో కలుస్తాయన్నది పీపీఏ రేటు మీద, ఫీల్డు ఎంత త్వరగా చల్లబడుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఏ కమిషనరైనా ముందు ఆ లెక్క వేయించుకుని అప్పుడు ఓటెయ్యాలి. నా ఎక్సెల్ షీట్ కావాలంటే బయట టేబుల్ దగ్గర పేరు రాసి వెళ్ళండి, పంపిస్తా.